అబ్బా డాక్టరు ఎడమ చెంప

మా మేనమామ చర్మవ్యాధుల డాక్టరు. ఎవరి ముఖానికి ఏ మందు పూసినా, అదే మందు, అదే క్షణాన తన ఎడమ చెంపకి కూడా పూసుకునే డాక్టరు భూప్రపంచం మీద ఆయనొక్కడే అని నా గట్టి నమ్మకం. పూసుకుని ఊరుకున్నా బాగుండేది. పేషెంటు కంటే ముందు తనే అరుస్తాడు. అందుకే ఆయన అసలు పేరు ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. "అబ్బా డాక్టరు" అంటే మాత్రం ఏ టాక్సీవాడైనా తిన్నగా తెచ్చి మా గుమ్మంలో దింపుతాడు.

ఆయన దగ్గరికి ఎక్కువమంది వచ్చేది కెమికల్ పీల్ కోసం. ముఖానికి ఒక రకం యాసిడ్ పల్చగా పూసి, కాసేపు ఉంచి కడిగేస్తారు. తర్వాత కొద్దిరోజుల్లో మచ్చలతో సహా పైపొర ఊడిపోయి కింద నుంచి కొత్త చర్మం వస్తుంది. కిటుకంతా ఆ "కాసేపు"లోనే ఉంది. తొందరపడి కడిగితే డబ్బు దండగ. ఆలస్యం చేస్తే ముఖం కాలి, పాత మచ్చకి తోడు కొత్త మచ్చ. ఎంతసేపు ఉంచాలని ఎవరడిగినా మామయ్య, చర్మం చాలన్నదాకా అనేవాడు. మీ చర్మమా, నా చర్మమా అని ఒకావిడ నిలదీస్తే, ఏది ముందంటే అది అన్నాడు.

ముందనేది ఎప్పుడూ ఆయనదే. నేను బయట బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్లకి వరస నంబర్లు ఇచ్చేదాన్ని. లోపల గదిలో చడీచప్పుడూ ఉండదు. ఉన్నట్టుండి "అబ్బా, మంట! చచ్చాను! నా వల్ల కాదు తల్లీ, కడిగేద్దాం" అని ఒక గావుకేక. కొత్తవాళ్లు సంచులు సర్దుకుని లేచి నిలబడేవారు. పాతవాళ్లు వాళ్లని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, అరిచింది పేషెంటు కాదండీ, డాక్టరుగారే అని ధైర్యం చెప్పేవారు. ఆ ధైర్యం విన్నాక కొందరు మరింత తొందరగా వెళ్లిపోయేవారు.

రోజూ పూసుకుని పూసుకుని ఆయన ఎడమ చెంప ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊడి, నున్నగా మెరిసిపోతూ ఉండేది. కుడి చెంప మాత్రం దాని వయసు అది చూసుకుంటూ పోయింది. ఎడమవైపు నుంచి చూస్తే పెళ్లికొడుకు, కుడివైపు నుంచి చూస్తే పిల్లనిచ్చిన మామగారు. ఫొటో దిగాల్సివస్తే అత్తయ్య పట్టుబట్టి కుడి చెంప పక్కనే నిలబడేది. అటు నిలబడితే భార్యలా ఉంటుందట, ఇటు నిలబడితే అక్కలా ఉంటుందట. బ్యాంకులో ఒకసారి గుమాస్తా ఆయన్ని, కార్డు మీది ఫొటోని మార్చి మార్చి చూసి, మీ నాన్నగారిని తీసుకురండి అన్నాడట.

ఈ పిచ్చేమిటని అత్తయ్య రోజూ దులిపేసేది. వంటవాడు ఉప్పు చూస్తే చాలు గానీ, కూరతోపాటు తనూ గిన్నెలోకి దిగి ఉడకక్కర్లేదు కదా అనేది. మామయ్య విని, బుద్ధిగా తలూపి, మర్నాడు మళ్లీ గిన్నెలోకి దిగేవాడు.

పేషెంట్ల గోల ఇంకోటి. ఎంత మండితే అంత మెరుపు అని వాళ్ల సిద్ధాంతం. మందు ఇంకాస్సేపు ఉండాల్సింది, ఈ పిరికి డాక్టరు వల్ల సగం మెరుపు పోయిందని బయటికొచ్చి నా దగ్గర వాపోయేవారు. ఒక హెడ్‌మాస్టరమ్మ అయితే, మీరు వరండాలోకి వెళ్లి అరవండి, నా మందు నాకు ఉండనివ్వండి అని ఆయన గదిలోంచి ఆయన్నే గెంటినంత పని చేసింది.

అలాంటి మామయ్యకి ఒకరోజు ఇన్‌స్పెక్టరమ్మ తగిలింది.

ఆవిడ ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు. నాలుగురోడ్ల కూడలిలో ఏళ్లకేళ్లు ఎండలో నిలబడి రెండు చెంపలూ మచ్చలు పడ్డాయి. త్వరలో ఆవిడకి పతకం ఇవ్వబోతున్నారు. పతకం వచ్చినవాళ్ల ఫొటో వాళ్ల ఆఫీసు గోడకి ఎక్కిస్తారు. ఇప్పటిదాకా ఆ గోడ నిండా మీసాలే. మొదటి ఆడమనిషి తనే. ఆ గోడ మీద మచ్చల మొహంతో ఉండనని ఒట్టు పెట్టుకుని వచ్చింది. అంటే మామయ్య చెయ్యి గనక తప్పితే, కాలిన మచ్చతో ఆ మీసాల మధ్య కలకాలం ఉండిపోతుంది.

"మీ సంగతి విన్నాను డాక్టరుగారూ," అంది. "నాకు నొప్పి అన్న మాట నోట రాదు. లారీ పాదం మీద ఎక్కితే దాని నంబరు రాసుకున్నాకే ఆస్పత్రికి వెళ్లాను. మీరు మొహమాటపడకుండా మందు ఉంచండి."

మామయ్య అన్నిటికీ సరేనని, బూట్లు విప్పి పడుకోమన్నాడు. డ్యూటీలో ఉన్నాను, విప్పనంది. పూసేది మొహానికైతే కాళ్లతో పనేమిటంది. పోనీ ఒక్క బూటు విప్పమని బతిమాలాడు. ఒక్కటి కూడా విప్పలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండి ఇన్‌స్పెక్టరు ముందు డాక్టరెంత?

ఆ రోజు నర్సు సెలవు. నీళ్ల గిన్నె పట్టుకోమని మామయ్య నన్ను లోపలికి పిలిచాడు. ఆవిడ కళ్ల మీద దూది పెట్టి, చెంపలకి మందు పూసి, అలవాటు ప్రకారం తన ఎడమ చెంపకీ పూసుకున్నాడు. ఆవిడ రెండు చేతులూ బెల్టులో దోపుకుని రాతిబొమ్మలా పడుకుంది. ఎలా ఉందమ్మా అంటే, ఏసీ కాస్త పెంచండి అంది.

నేను గిన్నె పట్టుకుని కేక కోసం ఎదురుచూస్తున్నాను. మామయ్య చెంప టమాటాలా ఎర్రబడింది. కేక రాలేదు. ఆయన భూతద్దం పెట్టి ఆవిడ చెంపలు చూస్తాడు, తల గోక్కుంటాడు, బల్ల చుట్టూ తిరుగుతాడు. ఎండకి అలా కమిలిన చర్మం మీద ఎరుపు ఒక పట్టాన తెలిసి చావదు. ఆయన నుదుటి మీద చెమటలు పడుతుంటే నేను గిన్నెతో బల్లకి ఇంకాస్త దగ్గరగా జరిగాను.

"మామయ్యా, నీ చెంప ఎర్రగా అయిపోయింది," అన్నాను మెల్లగా.

నా చెంప సంగతి వదిలెయ్యమన్నట్టు చెయ్యి విసిరి, చటుక్కున ఆవిడ కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూలబడ్డాడు. బూటు లేసు లాగాడు.

"ఏం చేస్తున్నారక్కడ?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"లేసు ఊడిందమ్మా, కడుతున్నాను."

కడుతున్నానంటూనే బూటు పీకాడు, మేజోడు లాగేశాడు. మంట ఓర్చుకునే పనిలో పడి ఆవిడకి బూటు పోయిన సంగతే తెలియలేదు. పైన ముఖం నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. కింద కాలివేళ్లు మాత్రం పిడికిలి బిగించినట్టు ముడుచుకుపోయి ఉన్నాయి.

"అబ్బా, చచ్చాను! కడిగేద్దాం తల్లీ, నీకు పుణ్యముంటుంది," అని మామయ్య అందుకున్నాడు. ఎంత దీనంగా అరిచాడంటే ఇన్‌స్పెక్టరమ్మకే జాలేసింది. సరే కడగండి, మీరు మాత్రం ఏడవకండి అంది. ఆ మాట పూర్తయ్యేలోపు నీళ్లు పడ్డాయి. చెంపలు పదిలంగా ఉన్నాయి.

ఇంత పిరికివాళ్లు డాక్టరెలా అయ్యారండీ, నేనైతే ఇంకో గంట ఉండేదాన్ని అని ఆవిడ లేచి, ఛాతీ విరుచుకుని గుమ్మం దాకా నడిచి, రెండో బూటు కోసం వెనక్కి వచ్చింది. మీ ఓర్పు నాకెక్కడిదమ్మా అని మామయ్య చేతులు జోడించాడు.

ఆవిడ వెళ్లాక చూస్తే ఆయన చెంప మీది మందు ఇంకా అలాగే ఉంది.

"నువ్వు కడుక్కోలేదు. మండటం లేదా?" అన్నాను.

ఆయన చెంప తడుముకుని నాలుక కరుచుకున్నాడు. "మర్చేపోయానే. ఇది మొద్దుబారి ఎన్నేళ్లయిందో. నిప్పు పెట్టినా తెలీదు."

"మరి ఆ అరుపులేమిటి?"

"నొప్పంటే చులకనైపోతాం అనుకునేవాళ్లు ఉంటారే అమ్మాయ్. కాలిపోతారు గానీ నోరు విప్పరు. వాళ్ల కాళ్లు మాత్రం అబద్ధం చెప్పలేవు. వాళ్ల తరఫున ఎవరో ఒకరు అరవాలి కదా. నా పరువుకేం, ఊడినా చర్మంలా మళ్లీ వస్తుంది." నీళ్లు చల్లుకుంటూ మళ్లీ అన్నాడు. "బయట చెప్పకు. తెలిసిందంటే ఈసారి కాలివేళ్లు కూడా బిగబట్టి చాపుకుని పడుకుంటారు."

నాకు నవ్వు ఆగలేదు. పట్టలేనంత ప్రేమా కలిగింది. ఇన్నాళ్లూ మేమంతా పిరికివాడని ఆడిపోసుకున్న మనిషి, ఊరందరి నొప్పీ తన నోటితో చెప్పుకుంటూ తిరుగుతున్నాడు.

రెండో విడత పీల్‌కి ఇన్‌స్పెక్టరమ్మ మళ్లీ వచ్చింది. బయట కూర్చున్నవాళ్లందరికీ, డాక్టరుగారు మంచివారే గానీ పాపం గుండె చిన్నది, మనమే చూసుకోవాలి అని బోధించింది. బూట్లు విప్పలేదు. ఈసారీ నీళ్ల గిన్నె నా చేతికే ఇచ్చిన మామయ్య మొహం వాడిపోయింది. ఆవిడ పడుకుని, పక్కనున్న స్టూలు దగ్గరికి లాగి, చెయ్యి చాపింది.

"ఇటు కూర్చుని మీ చెయ్యి ఇవ్వండి. భయమేస్తే గట్టిగా పట్టుకోండి, సిగ్గుపడకండి. నేనున్నాను కదా."

మామయ్య మందు పూసి, బుద్ధిమంతుడిలా చెయ్యి ఇచ్చి కూర్చున్నాడు. కాసేపటికి ఆవిడ వేళ్లు ఆయన వేళ్ల మీద నెమ్మదిగా బిగుసుకోవడం మొదలైంది. మామయ్య మొహం వెలిగిపోయింది. నా వైపు చూసి, గుండెల నిండా గాలి పీల్చుకుని, నోరు తెరిచాడు.