రెండు చానళ్లు, ఒక బొటనవేలు

జన్మకొక్కసారి టీవీలో కనబడే మనిషి, ఆ ఒక్కసారీ తనను తాను చూసుకోకుండా అడ్డుపడితే ఆ పాపం ఏ గంగలో మునిగితే పోతుందో నాకు తెలియదు. అడ్డుపడింది నేనే. కత్తితో కాదు, కర్రతో కాదు, బొటనవేలితో. ఎలాగో చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం అప్పుడు ఏడుపొచ్చింది.

మాకు అప్పుడే పెళ్లయింది. నాచారంలో ఓ ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం, దగ్గర్లోనే మేడ మీద పోర్షన్. కింద ఓనరు యాదగిరి అంకుల్, లచ్చమ్మ ఆంటీ. నాకో జబ్బుంది: కుదురుండదు. కూర్చుంటే కాలు ఊపుతాను, ఎవరైనా ఏదైనా చెబుతుంటే సగంలోనే "అర్థమైందండీ" అంటాను. మా అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అనేది. పిల్లికైనా ఒక్కోసారి కాలు చల్లబడుతుంది కదండీ, నాకు అదీ లేదు.

సరిగ్గా ఎనిమిదింటికి రెండు చానళ్లలో వార్తల మీద వెటకారం ప్రోగ్రాములు వచ్చేవి. ఒకదాంట్లో కండువా కప్పుకున్నాయన తెలంగాణ మాటల్లో నాయకులను ఉతికి ఆరేసేవాడు. రెండో దాంట్లో కోటు తొడుక్కున్నాయన నవ్వకుండా, "అయ్యా" "గారూ" అంటూనే వాతలు పెట్టేవాడు. మా క్యాంటీన్‌లో రోజూ దీని మీదే గొడవ. జనగామ వాళ్లంతా కండువా, మా భీమవరం వైపు వాళ్లంతా కోటు. "రెండూ పక్కపక్కన చూసి నేను తీర్పు చెబుతాను" అన్నాను. నన్నెవరూ అడగలేదు, అది వేరే సంగతి.

మేం దిగిన రోజే అంకుల్ "కేబుల్ మా బాక్సుకెంచే మీకు వైరు గుంజినం తమ్మీ" అన్నాడు. నా ధ్యాసంతా ఆటోట్రాలీలో మంచం మీద ఉంది. "సరే అంకుల్, అర్థమైంది" అన్నాను. తర్వాత కేబులాయన్ని పిలిచి, ఓనరుకు చెప్పకుండానే రిమోట్ ఏర్పాటు చేయించుకున్నాను. టీవీ పక్కన శనగగింజంత నల్ల కన్ను అతికించి, చేతిలో రిమోట్ పెట్టాడాయన.

"ఈడికెంచే చానల్ మార్చుకోవచ్చన్నా. కాకపోతే..."

"అర్థమైంది లేవయ్యా, వెళ్లు."

ఆ "కాకపోతే" తర్వాత ఏముందో ఆ రోజు విని ఉంటే, ఈ కథే లేదు.

ఇక మొదలైంది. కండువా జోకు ఒకటి, టక్కున కోటుకు దూకడం, చురక ఒకటి, మళ్లీ కండువా. విచిత్రమేమిటంటే నేను కోటు పెట్టిన కాసేపటికి టీవీ దానంతటదే కండువాకు పోయేది. నేను మళ్లీ కోటు నొక్కేవాణ్ని, అది మళ్లీ కండువా. "కొత్త రిమోట్ కదా, అలవాటు పడాలి" అని మా ఆవిడ సుజాతకు సర్దిచెప్పాను. సరిగ్గా అదే సమయానికి కింద నుంచి అరుపులు.

"రిమోట్ మీద కూసున్నవా ఏందే?"

"నేనెందుకు కూసుంట? నీ చెయ్యే వణ్కుతున్నది!"

పాపం, ఈ వయసులో ఎందుకు పోట్లాడుకుంటారో అని జాలిపడ్డాను.

ఒకరోజు అంకుల్ మెట్లెక్కి వచ్చాడు. "తమ్మీ, మా టీవీ దుంకుతున్నది. మీది గూడ దుంకుతుందా?"

దుంకుతోందంటే రిమోట్ సంగతి బయటపడుతుంది. నాచారంలో మళ్లీ ఇల్లు వెతకాలంటే నా తరం కాదు. "లేదంకుల్, మాది రాయిలా ఉంది" అన్నాను.

ఆ వారంలోనే కండువా ప్రోగ్రాం వాళ్లు ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర గుంతల మీద జనాన్ని మాట్లాడించారు. అందులో మా అంకుల్ ఒకడు! ఆయన కాళ్లు నేల మీద నిలవలేదు. పీర్జాదిగూడ చెల్లెలు, దమ్మాయిగూడ బావమరిది, నాగోల్ వియ్యంకులు అందరినీ పిలిచేశాడు. "ఏం మాట్లాడినవే?" అని ఆంటీ అడిగితే "గప్పుడు సూడు" అన్నాడు. ఫోన్లో తర్వాతైనా చూసుకోవచ్చు అంకుల్ అంటే కోప్పడ్డాడు. "ఫోన్ల ఎవడైనా వస్తడు తమ్మీ. టీవీల రావాలె!"

అది టీవీలో వచ్చే సాయంత్రం సుజాత పకోడీల పళ్లెంతో కిందికి వెళ్లింది. "మీరూ రండి" అంది. నేను వెళ్లలేదు. కోటాయన కూడా ఆ రోజే ఉప్పల్ గుంతలెత్తుకుంటాడట! తెల్లారితే క్యాంటీన్‌లో తీర్పు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలవడానికి ఇంటి ఓనరునే ఓడించబోతున్నాను.

ప్రకటనలు రాగానే కోటు నొక్కాను. టీవీ కండువాకు పోయింది. మళ్లీ నొక్కాను. మళ్లీ పోయింది. పంతం పట్టి నొక్కుతూనే ఉన్నాను. కింద గోలగోల. అంతలో అంకుల్ రొప్పుతూ పైకి వచ్చాడు, వెనకాల మెట్ల నిండా చుట్టాలు.

"తమ్మీ, మా దాన్కి మల్ల దయ్యం పట్టింది! మీ దాంట్ల బెట్టు జల్ది, నా ముచ్చట అయిపోతది!"

"కంగారు పడకండంకుల్. మాది చెప్పినట్టు వింటుంది" అని కండువా నొక్కాను.

కింద నుంచి "వచ్చింది, వచ్చింది!" అని కేకలు.

అక్కడితో ఆగొచ్చుగా? నా వేలు ఆగదే! "చూడండి, ఎంత బాగా వింటుందో" అని కోటు నొక్కాను.

"పాయె!" అన్నారు కింద.

కండువా. "వచ్చింది!" కోటు. "పాయె!"

అంకుల్ నా రిమోట్ వైపు చూశాడు. నేల వైపు చూశాడు. మళ్లీ నా రిమోట్ వైపు చూశాడు. అప్పటికి నాకూ వెలిగింది: రెండు టీవీలకూ బాక్సు ఒక్కటే, నేను నొక్కితే కిందా మారుతుంది! కింద నుంచి సుజాత గొంతు చించుకుని అరిచింది: "ఏవండీ! ఆ రిమోట్ కింద పెట్టండి!"

పెట్టాను. తెర మీద కండువాయన దండం పెట్టి సెలవు తీసుకుంటున్నాడు. అంకుల్ ముఖం చిన్నబుచ్చుకుని మెట్లు దిగిపోయాడు. తిట్టినా బాగుండేది.

పొద్దున మళ్లీ వేస్తారని తెలిసి చుట్టాలంతా ఆ రాత్రికి అక్కడే ఉండిపోయారు. ఆరింటికల్లా ఆంటీ నన్ను కిందికి పిలిచి హాలు మధ్యలో కుర్చీ వేసింది. "చేతులు మోకాళ్ల మీద వెట్టుకో బిడ్డా, అందరికీ కనవడాలె." పెట్టుకున్నాను. అంకుల్ వచ్చాడు తెర మీద, ఇస్త్రీ చొక్కాలో!

"మామా, గీ గుంతలల్ల ఎట్ల తిరుగుతున్నవే?" అని అడిగారు.

"గుంతలు పాత ముచ్చటే బిడ్డా. మా ఇంట్ల టీవీకి దయ్యం పట్టింది! మీ ప్రోగ్రాం బెడ్తె సాలు, గా కోటు దానికి దుంకుతది. ఫస్టు దాని సంగతి సూడున్రి!"

కండువాయన కెమెరాలోకి వంగి, చేతులు జోడించాడు. "ఓ దయ్యమా, నువ్వు యాడున్నవో గని, జర ఆ రిమోట్ కింద వెట్టవే!"

హాలంతా నా వైపు తిరిగింది. ముందు నవ్వింది అంకులే. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, "దయ్యానికి చాయ్ పొయ్యే లచ్చమ్మా" అన్నాడు.

క్యాంటీన్‌లో తీర్పు అడిగారు. కండువాదే గెలుపన్నాను. ఎందుకో చెప్పలేదు, కానీ పొద్దున ప్రోగ్రాం సగంమంది చూసే వచ్చారు, "ఆ దయ్యం నేను కాదు" అని నేను బొంకినా ఎవరూ నమ్మలేదు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఉప్పల్ రింగ్ రోడ్డు మీది సమస్త గుంతల సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ: రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు తానే మునుగుతాడు, రెండు చానళ్ల మీద వేలు పెట్టినవాడు ఇంటి ఓనరును ముంచుతాడు గనక, ఇక ఈ జన్మలో ఏ ప్రోగ్రామునూ ఇంకోదానితో పోల్చను. ఇప్పుడు మాకు వేరే బాక్సుంది. అయినా ఆంటీ నా ప్రతిజ్ఞను నమ్మడం లేదు. రోజూ ఎనిమిదింటికి మెట్లెక్కి వచ్చి, మా రిమోట్‌లో బ్యాటరీలు తీసుకుని పోతోంది.