గుండ్ల దగ్గర మా బావ

మా చెల్లెలి భర్త మా పడవ మీద గుండ్ల మనిషి. లోతు నీళ్లలో గాలం అడుక్కి దిగాలంటే బరువు కావాలి. పడవకి రెండు పక్కలా ఉక్కుతీగకి ఇనుపగుండు కట్టి దించుతాం. గాలం దారాన్ని ఆ తీగకే క్లిప్పుతో తగిలించి, పడవని మెల్లగా నడుపుతాం. ప్రవాహం జోరుగా ఉన్నప్పుడు పడవని తిప్పితే, మలుపుకి లోపలి పక్క గుండు కిందికి జారి, బయటి పక్కది దాని మీదికొచ్చి చిక్కుపడుతుంది. అందుకే ముందుగా లోపలి గుండు లేపాలి, మలుపు పెద్ద వంపుగా తీసుకోవాలి. వంపు నా పని, గుండు ఆయన పని.

నీళ్ల ఒరిపిడికి తీగ మోగుతుంది. ఆ మోత వినే బావ గుండు ఎంత వెనక్కి వాలిందో చెప్పేవాడు. నాకు ఆ విద్య ఎప్పటికీ పట్టుబడలేదు.

కొంతకాలంగా ఆ చెవులే పోతున్నాయి. మలుపుకి ముందు నేను పడవ అంచు మీద కర్రతో కొడతాను, ఆయన గుండు లేపుతాడు. అది మా అలవాటు. ఇప్పుడు ఆ చప్పుడు అందక నా మొహం చూస్తున్నాడు. తీగ చూడాల్సిన మనిషి నా మొహం చూస్తే పనెలా సాగుతుంది? రెండుసార్లు చిక్కుపడింది.

"ఇంకోసారి ఇలా జరిగితే మీ బావని ఒడ్డునే వదిలెయ్," అన్నాడు పడవ ఓనరు.

ఆ సంగతి ఇంట్లో చెబితే చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. "ఆ పని లేకపోతే ఆయన మనిషి కాడన్నయ్యా. నువ్వే చూసుకోవాలి."

మర్నాడు పడవ ఎక్కుతూ ఆయన చెవి దగ్గర గట్టిగా చెప్పాను. "బావా, ఇకనుంచి ఎర్రగుడ్డ ఊపుతాను."

"నేనేమన్నా రైలునా? మీ చెల్లెలి అరుపులకి రాటుదేలిన చెవులివి. కర్ర కొట్టు, చాలు."

ఆ పూట ప్రవాహం ఉరవడిగా ఉంది. ముందు రాళ్లు, తిప్పక తప్పదు. కర్ర కొట్టాను. బావ తీగ మీద అరచెయ్యి ఆనించి, తల వంచి, చేత్తోనైనా ఆ మోత పట్టుకోవాలని చూస్తున్నాడు. అరిచాను. తలెత్తలేదు. తిప్పేశాను.

తీగలు రెండూ పెనవేసుకున్నాయి. గుండ్లు అడుగున రాళ్లలో ఇరుక్కుని పడవ వెనకభాగాన్ని కిందికి లాగాయి. నీళ్లు లోపలికొస్తుంటే కట్టరు తీసి రెండు తీగలూ బావే తెంచాడు.

"కొట్టావా?" అన్నాడు.

తల ఊపాను.

ఒడ్డున ఓనరుతో తప్పు నాదే అనబోయాను. బావ నన్ను పక్కకి జరిపాడు. "నాకు వినపడదండీ. వేరే మనిషిని చూసుకోండి."

కొత్తాయన పనిమంతుడే. కర్ర కొట్టగానే గుండు లేపాడు, ఒక్క చిక్కూ పడలేదు. సాయంత్రం చెల్లెలు గుమ్మంలోకొచ్చి పనెలా జరిగిందని అడిగింది. లోపల మంచం మీద బావ గోడవైపు తిరిగి పడుకునున్నాడు.

"నీళ్ల జోరు ఎక్కువగా ఉందమ్మా," అని చెప్పి వచ్చేశాను.