తూర్పు పక్క ఇంకా మిగిలింది

మా హిస్టరీ మేడం ఇక లేరని మొన్న ఉదయం ఫోన్ వచ్చింది. అప్పుడు నూజివీడు బస్సులో ఉన్నాను. అప్పట్నుంచి కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తోచదు. ఆవిడ జబ్బే నాకూ అంటుకున్నట్టుంది.

ఆవిడ కాలు ఒకచోట నిలిచేది కాదు. పాఠం చెబుతూ చెబుతూ వరండాలోకి వెళ్ళిపోయేవారు, మేం వెనకాలే పరిగెత్తేవాళ్ళం. టీ చల్లారేదాకా ఆగలేక సాసర్లో పోసుకుని తాగేవారు. "భూమికి తొందర లేదమ్మా, మనకే ఉండాలి" అనేవారు.

అలాంటి మనిషి రెడ్డిగూడెం దగ్గర మామిడితోటలో ఒక్క దిబ్బను ఏళ్ళ తరబడి కొలిచారు. చరిత్రకు ముందునాటి సమాధి అది, చుట్టూ గుండ్రంగా రాళ్ళు. దాని మీద ఒక ఇటుక గది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సముద్రం వైపు నుంచి వచ్చే శత్రు విమానాలను కనిపెట్టడానికి కట్టారట. "పోయినవాళ్ళ నెత్తినెక్కి ఉన్నవాళ్ళని కాపాడుకున్నారు" అని నవ్వేవారు. మమ్మల్ని మాత్రం ఆ రాళ్ళమీద కూర్చోనిచ్చేవారు కాదు.

మేం మొదటిసారి వెళ్ళేసరికి తోట రైతు నాలుగు రాళ్ళు పెకలించి, కడిగి, సున్నం కొట్టి, వరసగా పేర్చి ఉంచాడు. "కొలుచుకోడానికి మీకు వీలుగా ఉంటదనండీ" అన్నాడు. మేడం తల పట్టుకున్నారు, చెడామడా తిట్టారు, ఆయన పెట్టిన రసాలు తిన్నారు, సాయంత్రానికి ఆయన చేతే ఏ గుంటలో రాయి ఆ గుంటలో పెట్టించారు.

కోతలయ్యాక దిబ్బ చదును చేసి మొక్కలు వేస్తానన్నాడాయన. జేసీబీ కూడా మాట్లాడుకున్నాడు. "సర్వే అయ్యేదాకా ఆగు బాబూ" అని మేడం బతిమాలితే మాటిచ్చాడు. అంతే, ఆ సర్వే మరి కాలేదు. ఏటా వెళ్ళి కొలిచిందే కొలిచేవాళ్ళం, తూర్పు పక్కకి పోయేవాళ్ళం కాదు. నేను గొణిగితే, "కొన్ని పనులు పూర్తిచేస్తేనే పాడవుతాయే" అన్నారు. నాకు ఆవిడ నేర్పిన వాటిలో ఇదే ఆలస్యంగా అర్థమైంది.

నిన్న ఇంట్లో ఉండలేక తోటకు వెళ్ళాను. సంగతి చెబితే రైతు తలగుడ్డ తీసి, దిబ్బ వైపు తిరిగాడు.

"అయితే సర్వే అయిపోయినట్టేనాండీ?"

"లేదండీ. తూర్పు పక్క ఇంకా మిగిలింది."

ఆయన నా మొహంలోకి చూశాడు. "అది ఇప్పట్లో తేలే పని కాదులెండి" అన్నాడు. పాకలో దాచిన మేడం టేపు తెచ్చి, ఒక కొస నా చేతికిచ్చి, రెండోది పట్టుకుని సున్నం మరక వదలని రాయి పక్కన నిలబడ్డాడు. టేపు మా మధ్య గాలికి ఊగుతూ ఉంది. ఇద్దరిలో ఎవరమూ దాన్ని బిగించలేదు.