అషీల్ చెవి దగ్గర తగిలిన మూడో ముద్దు

పాలబండి అషీల్ సెలవు అన్న మాట ఎరగడు. పెరిగోర్ పల్లెల్లో తెల్లవారకముందే బండి తీసి, పశువులున్న ప్రతి ఇంటి ముందూ ఆగి పాలు పోగుచేసిన మనిషి. ఆవులకు ఆదివారం లేదు కనుక అతనికీ లేకపోయింది. పెళ్ళికి తీరిక దొరకలేదని అతనంటాడు. దొరకనిది తీరిక కాదు, నోరు అని ఊరంటుంది. ఊరి మాటే నిజం.

రిటైరయ్యాక చిన్ననాటి స్నేహితుడు ఫెర్నాన్ పట్టుకున్నాడు. "కారులో ఒక సీటు ఖాళీగా ఉందిరా. నువ్వొస్తావా, బంగాళదుంపల బస్తా వేసుకుపోమంటావా?" అని దబాయించి అర్దెష్ కొండపల్లెలకు లాక్కొచ్చాడు. పనేమీ లేదు. ఒక ఊళ్ళో పడుకోవడం, ఇంకో ఊళ్ళో తినడం, మధ్యలో తాపీగా నడవడం. ఫెర్నాన్, అతని భార్య జినెట్, అషీల్, నాలుగో మనిషి మిరేయ్.

చిక్కంతా ఈ మిరేయ్ దగ్గరే ఉంది. ఆమె భర్త గస్తోన్ అషీల్‌కు ప్రాణస్నేహితుడు. అతను పోయి నాలుగేళ్ళయింది. అప్పటి నుంచీ ప్రతి గురువారం మిరేయ్ వంటింట్లో అషీల్‌కు ఒక గిన్నెడు సూపు సిద్ధంగా ఉంటుంది. ఆ గిన్నె ముందు కూర్చుని అతను తన మనసులో మాట ఎన్నోసార్లు చెబుదామని నోరు తెరిచి, అందులో చెంచా పెట్టుకుని మూసుకున్నాడు. చెప్పాక ఆమె మొహం మాడ్చుకుంటే? ఉన్న ఆ ఒక్క గురువారం కూడా పోతుంది. ఆ తర్వాత బతికి ఏం చేయాలో అతనికి తోచదు.

వాళ్ళ ఊళ్ళో ఎవరు ఎదురైనా బుగ్గకొకటి చొప్పున రెండు ముద్దులు, ఆపైన వాన సంగతి. పుట్టిన దగ్గర నుంచీ అంతే. అలాంటిది, కొండమీది హోటల్లో మొదటి పొద్దున, రెండూ అయ్యాక మిరేయ్ బుగ్గ మళ్ళీ దగ్గరకొచ్చింది. అషీల్ కంగారులో మొహం ఎటు తిప్పాడో అతనికే తెలియదు. మూడోది చెవి దగ్గర తగిలింది. ఆ తర్వాత కాఫీలో ముంచాల్సిన రొట్టెను నీళ్ళ గ్లాసులో ముంచాడు.

ఎవరూ చూడకుండా వంటగదిలోకి తొంగిచూశాడు. "అమ్మా, మీ ఊళ్ళో పలకరింపుకు ఎన్ని?"

హోటలామె పిండి చేతులు దులుపుకుంది. "ఇక్కడ మూడయ్యా. కొండ దిగితే రెండే. మా అత్తగారికైతే ఒక్కటి కూడా దండగే."

అషీల్ ఉసూరుమన్నాడు. ఇక్కడి ఆచారమన్నమాట! బల్ల దగ్గరికి తిరిగి వస్తుండగా గుర్తొచ్చింది. అదే పొద్దున మిరేయ్ ఫెర్నాన్‌కు రెండే పెట్టింది. మరి ఫెర్నాన్ ఏ ఊళ్ళో ఉన్నట్టు?

మర్నాడు కొండ దిగారు. రెండు ముద్దుల ఊరు. అక్కడా అషీల్‌కు మూడే పడ్డాయి. మరిచిపోయిందా? అలవాటైపోయిందా? మధ్యాహ్నం చెస్ట్‌నట్ సూపు, ఆకుకూర కలిపి కాల్చిన పందిమాంసం ముద్దలు, మేకపాల చీజ్ వచ్చాయి. మిగతా ముగ్గురూ లొట్టలేస్తుంటే ఇతను గడ్డి నమిలినట్టు నమిలాడు.

"చీజ్ ఎలా ఉంది అషీల్?" అడిగింది జినెట్.

"మూడు," అన్నాడు.

సాయంత్రం ద్రాక్షతోటల దారిలో ఫెర్నాన్‌ను వెనక్కి లాగాడు. "ఒరే, ఆడవాళ్ళు మూడోది ఎందుకు పెడతారంటావు?"

"రెండోది గురి తప్పితే."

"నిన్నడిగాను చూడు, నాదీ బుద్ధి తక్కువ," అని అషీల్ విసురుగా ముందుకు నడిచాడు.

ఆఖరి రోజు ఆ ఊరి సంతలో ఫెర్నాన్, జినెట్ సాసేజిల కోసం బేరాలాడుతూ ఎటో పోయారు. చర్చి గోడ పక్క బెంచీ మీద మిరేయ్ చాకుతో ఆప్రికాట్ పండు కోస్తోంది. తలెత్తకుండానే అంది.

"నాకేం అర్థం కావడం లేదు అషీల్. వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను. జినెట్‌కి రెండే పెడుతున్నారు. నా దగ్గరికొచ్చేసరికి మూడు. ఎందుకని?"

అషీల్‌కు బుర్ర తిరిగిపోయింది. తను పెట్టడమేమిటి? పెడుతున్నది ఆమె కదా! మొదటి పొద్దున మొహం తిప్పుకున్నాననుకున్నాడు. తిప్పుకున్నాడా, ముందుకు చాచాడా?

"ఇక్కడ... ఇక్కడి ఆచారం కదండీ," అన్నాడు.

"ఈ ఊళ్ళో రెండే. కొండమీద హోటలామెను మీరు అడిగాక నేనూ అడిగాను."

చాకు ఆగింది. ఇక దాక్కోవడానికి చోటు లేదు. గురువారం సూపు గిన్నె అతని కళ్ళముందు కదిలింది.

"ఆచారం కాదు," అన్నాడు. "ఆ మూడోది నాది, మిరేయ్ గారూ. ఎప్పటి నుంచో మీకు చెప్పాలని ఉంది. చెబితే ఇక రావద్దంటారేమోనని భయం."

మిరేయ్ పండు పక్కన పడేసింది. "మీరు రావడం మానేస్తారేమోనని నేను నోరు మూసుకు కూర్చున్నాను. ఒకే బల్ల దగ్గర, ఎదురెదురుగా, ఇన్నేళ్ళు! మనకేమైనా బుద్ధుందా అషీల్?"

అది కోపమో ఏడుపో అతను పోల్చుకోలేకపోయాడు. పండురసం అంటిన ఆమె చేతిని పట్టుకున్నాడు. ఫెర్నాన్, జినెట్ సంచులు మోసుకుంటూ సంతలోంచి తమవైపే వస్తుండటం చూసి కూడా వదల్లేదు.