గజంబద్ద టీచరమ్మ దగ్గరే ఉండిపోయింది

సుజాతా, ఎలా ఉన్నావు? నీ మెసేజ్‌కి ఇన్నాళ్ళకి జవాబిస్తున్నాను, ఏమీ అనుకోకు. పెళ్ళిళ్ళ సీజను, బట్టల కొట్లో ఊపిరాడలేదు. దానికి తోడు మన పక్కింటి టీచరమ్మ పోయింది. ఆదివారం ప్రార్థనకి తయారై కుర్చీలో కూర్చుంది, మళ్ళీ లేవలేదు.

నువ్వు మన గుఢియారీ పేట వదిలి వెళ్ళాక జరిగింది నీకు చెప్పనే లేదు. అప్పుడు మా పింకీ మూడో క్లాసు. నోటిలెక్కలు వాళ్ళ నాన్నకంటే ముందే చెప్పేది. పుస్తకం తెరిస్తే మాత్రం నిన్న చదివిన మాటే ఇవాళ కొత్త. మా ఆయన కొట్టు కట్టేసి వచ్చి, బట్ట కొలిచే ఇనప గజంబద్దతో వేళ్ళ మీద, పిక్కల మీద కొట్టేవాడు. అడ్డం వెళ్తే నాకూ పడేవి. "ఇప్పుడొస్తాదా?" అని ప్రతి దెబ్బకీ అడిగేవాడు. ఒకరోజు పిల్ల చిటికెనవేలి గోరు ఊడి పుస్తకమంతా నెత్తురైంది.

ఆ కేకకి టీచరమ్మ వచ్చింది. చదవలేని పిల్లలకి నేర్పడమే ఆవిడ పని కదా. లేచిన గజంబద్ద ఆవిడ మణికట్టు మీద పడింది. పట్టుకుని మరి వదల్లేదు.

"కావాలని చెయ్యట్లేదయ్యా. దాని కంటికి అక్షరం నిలవదు. డిస్లెక్సియా అంటారు."

"కామ్‌చోర్ అండి ఇది, పనిదొంగ. నాలుగు పడితే అదే వస్తాది."

"అలాగా? అయితే రా, కూర్చో."

నాచేత పళ్ళెంలో రవ్వ పోయించి, గోడ మీది అద్దం తీసి ఎదురుగా పెట్టింది. అద్దంలోకే చూస్తూ, ఎడంచేతి వేలితో రవ్వలో కొట్టు పేరు రాయమంది. మా ఆయన నవ్వుతూ మొదలెట్టాడు. రెండో అక్షరానికే చెయ్యి ఎటు పోతోందో తెలియక చెమట పట్టింది.

"సొంత కొట్టు పేరే రాదా? కామ్‌చోర్," అని ఆవిడ గజంబద్ద పింకీ చేతికిచ్చింది.

బెదిరించడానికే ఇచ్చానని తర్వాత నాతో అంది. పింకీ మాత్రం కొట్టింది. బలమంతా పెట్టి, తనకు పడే చోటే, వేళ్ళ మీద. రవ్వ మంచం కింద దాకా చిందింది. ఏడుస్తూ అడిగింది: "ఇప్పుడొస్తాదా నాన్నా?"

టీచరమ్మ దాని చేతిలోంచి గజంబద్ద తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి పింకీ సాయంత్రాలు ఆవిడ వరండాలోనే. రవ్వలో వేలితో అక్షరం దిద్దుతూ దాని శబ్దం పైకి అనాలి. ఒకటి కుదిరేదాకా రెండోది లేదు. "కంటికి దొరకంది వేలికి దొరుకుతుంది" అనేది. తప్పు వస్తే పళ్ళెం కుదిపేది, అంతే. నేను కంగారుపడితే "తొందర నీదమ్మా, పాపది కాదు" అనేది. మణికట్టు వాపు తగ్గేదాకా ఆవిడా ఎడంచేత్తోనే రవ్వ సర్దింది.

మొన్న ఆవిడ సమాధి దగ్గర హిందీ బైబిలు వాక్యం పింకీయే చదివింది, వేలు కింద పెట్టుకుని, నెమ్మదిగా. ఒక మాట దగ్గర ఆగిపోయింది. ఎవరూ అందించలేదు. వెనకాల మా ఆయన పిడికిళ్ళు బిగించుకుని నిలబడ్డాడు. అదే మళ్ళీ మొదలుపెట్టి దాటేసింది.

తిరిగొచ్చి వాళ్ళ పెరట్లోకి వెళ్ళాం. గజంబద్ద చిక్కుడుపాదుకి ఊతంగా పాతి ఉంది. తుప్పు పట్టింది, తీగ చుట్టుకుని అంకెలే కనపడవు. మా ఆయన దాన్ని ముట్టుకోలేదు. పాదుకి నీళ్ళు పోసి వచ్చాడు, ఇప్పుడు రోజూ పోస్తున్నాడు.

చిక్కుళ్ళు దిగుతున్నాయే. ఎప్పుడొస్తావు, ఎప్పుడు కలుద్దాం?