కంప్యూటర్‌కు నీళ్లు పోసిన ఎండాకాలం

మా కంప్యూటర్ ఆగిపోయి తిరిగి లేచినప్పుడల్లా తెర మీద ఒక మాట కనిపించేది: కిందటిసారి దీన్ని సరైన పద్ధతిలో మూయలేదు అని. నేను ముప్పై ఏళ్లు తహసీల్దారు ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ని. బీరువా గానీ, ఫైలు గానీ సరైన పద్ధతిలో మూయకుండా కుర్చీలోంచి లేచిన మనిషిని కాను. తనంతట తాను ఆగిపోయి తప్పు నా మీద వేసిన యంత్రాన్ని ఎట్లా క్షమించాలి?

ఆగిపోతే నాకొచ్చిన నష్టం కోపం ఒక్కటే. మా ఆవిడకు మాత్రం క్లాసు పోయేది. ఆమె బడిలో హిందీ టీచరుగా చేసి రిటైరయ్యాక, రోజూ సాయంత్రం ఐదింటికి కంప్యూటర్ ముందు కూర్చుని పదిమంది ఆడవాళ్లకు హిందీలో మాట్లాడటం నేర్పేది. ఫోనులో అక్షరాలు ఆమె కంటికి ఆనవు. ఆ గంటసేపు ఆమె గొంతు వింటే బడిలో ఉన్నప్పటికంటే హుషారుగా ఉండేది. ఏప్రిల్ దాటిన దగ్గర్నుంచి ఆ గంట పూర్తయిన రోజు లేదు. పదో నిమిషానికి తెర నీలిరంగుకు తిరిగి, మూతి ముడుచుకున్న బొమ్మ ఒకటి ప్రత్యక్షమయ్యేది. పదిమంది ఆరుగురయ్యారు. చివరికి ఆ ఆరుగురూ మెసేజ్ పెట్టారు: "మేడమ్, వచ్చే సోమవారం కూడా గిట్లనే మధ్యల ఆగితే మేము వేరే క్లాసుల చేరుతం. ఏమనుకోకుండ్రి."

అప్పటికే నేను ఆ కంప్యూటర్ డబ్బాను రెండు ఊళ్లు తిప్పాను. మొదట మా సూర్యాపేటలోనే మార్కెట్ దారిలో ఉన్న షాపు. అక్కడ పొద్దున పెడితే సాయంత్రం దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. షాపతను నన్ను పైనుంచి కిందికి చూసి, "సార్, ఇంట్ల ఏదో నొక్కుతున్నట్టున్నరు. జర సూసి నొక్కుండ్రి" అన్నాడు. ఆ మాట చాలదన్నట్టు, లోపల ఉన్నదంతా తుడిచి కొత్తగా ఎక్కించాడు. అందులో నేను నానా ఆఫీసులకు రాసుకున్న పదకొండు అర్జీలు పోయాయి. కరెంటు పోయినా కాసేపు నడిపే యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ కూడా వేశాడు. దాని ఫలం ఏమిటంటే, పదో నిమిషానికి ఆగేది ఇరవయ్యో నిమిషానికి ఆగడం మొదలుపెట్టింది.

తర్వాత కోదాడ. డబ్బాను తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కితే కండక్టరు, "చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నవేంది సారూ, నిద్రపోయిందా?" అని అందరికీ వినపడేట్టు అడిగాడు. కోదాడ షాపులోనూ అది బుద్ధిగా నడిచింది. "ఇది శుభ్రంగా ఉందండీ బాబాయ్ గారూ, మీరే కొంచెం కంగారు పడుతున్నారేమో" అన్నాడు షాపాయన. బాబాయ్ అన్న ఆ మనిషి గడ్డం నా తలకంటే తెల్లగా ఉంది.

"ఊరూరు తిప్పిండ్రు గానీ, మా తమ్ముని దగ్గరికి మాత్రం పోరు" అంది మా ఆవిడ.

నిజమే, పోలేదు. మా బామ్మర్ది మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఎలక్ట్రీషియన్. తొమ్మిదేళ్ల కింద వాడి గృహప్రవేశానికి పోతే నన్ను రెండో బంతిలో కూర్చోబెట్టారు. రెండో బంతికి పెరుగు అయిపోయింది. ఇంటి అల్లుణ్ని మజ్జిగతో సరిపెట్టుకుని లేచాను. మళ్లీ ఆ గడప తొక్కలేదు. అయితే సోమవారం ఇంకా మూడు రోజులే ఉంది. ఆమె ఫోనును కళ్ల దగ్గరికి పెట్టుకుని ఆ మెసేజ్‌ను మాటిమాటికీ తెరిచి చూస్తుంటే చూడలేక, శుక్రవారం డబ్బా పట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కాను.

బామ్మర్ది మొదట అన్నం పెట్టించాడు. పెరుగు గిన్నె మొత్తం తెచ్చి నా ఆకు పక్కనే పెట్టి, "బావా, ఇంట్ల ఇంకెవ్వరికీ పెరుగు లేదు, మొత్తం నీదే. ఇగనన్న నవ్వు" అన్నాడు. తొమ్మిదేళ్లు ఆలస్యమైనా పెట్టాడు, తిన్నాను. భోజనమయ్యాక కంప్యూటర్‌ను గంటన్నర నడిపి చూశాడు. ఆగలేదు.

"డబ్బా మంచిగనే ఉంది. నీ ఇల్లు సూడాలె."

"నా ఇంటికి ఏమైంది?"

"అదే గద సూసేది. జర కోపం తగ్గించుకో బావా."

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. బల్బుకు రెండు తీగలు కట్టిన ఒక హోల్డరు తెచ్చి గదిగదికీ పెట్టి చూశాడు. అన్నిచోట్లా బల్బు నీరసంగా ఎర్రగా వెలిగింది.

"అక్కా, ఫ్యాన్లు గిట్లనే తిరుగుతున్నయా?"

"నెల రోజుల సంది మెల్లగ తిరుగుతున్నయిరా. ఫ్రిజ్‌ల పెట్టిన పాలు గూడ ఇరుగుతున్నయి. మీ బావకు జెప్తె, ఎండలకు అంతే అన్నడు."

వాడు మీటరు దగ్గర్నుంచి తీగలు వెతుక్కుంటూ వచ్చి తల పట్టుకున్నాడు. "బావా, కరెంటు ఒక తీగల వస్తది, ఇంకో తీగల వాపసు పోతది. నీ ఇంట్ల వాపసు పోయే తీగనే లేదు. భూమిలకు పోయే ఎర్తు తీగకు కలిపి చేతులు దులుపుకున్నరు. శాన డేంజర్ పని. ఎవరు జేసిండ్రు వైరింగు?"

ఇల్లు కట్టినప్పుడు మొదటి ఎలక్ట్రీషియన్ హాల్లో స్విచ్ బోర్డు నూలుపోగంత వంకరగా బిగించాడని నేను నిలదీస్తే, వాడు పని మధ్యలో వదిలిపోయాడు. మిగిలింది ఎవరో ఒక్క పూటలో ముగించారు. ఆ సంగతి నేను చెప్పలేదు, మా ఆవిడ చెప్పింది.

"మరి ఇన్నేళ్లు మంచిగ నడిచింది గదరా?" అన్నాను.

"అన్నీ నడిచినయి, ఇప్పుడూ నడుస్తున్నయి. ఫ్యాను ఓర్సుకుంటది, ఫ్రిజ్ ఓర్సుకుంటది. కంప్యూటర్ ఓర్సుకోదు, అచ్చం నీ లెక్కనే."

మెయిన్ ఆపి, ఇంటి వెనక ఎర్తు గుంత మూత తీశాడు. పైపు చుట్టూ వేసిన ఉప్పూ బొగ్గూ ఎండి, మట్టి నెర్రెలు విచ్చింది. రెండు బకెట్ల నీళ్లు పోసి మెయిన్ వేస్తే, బల్బు తెల్లగా వెలిగింది. ఫ్యాను ఊపందుకుంది.

"తడి లేకుంటె మట్టి కరెంటు గుంజదు బావా. మా మిల్లుల ఎండాకాలం రోజూ నీళ్లు పోస్తం గుంతలకు. మీరు పోసుడు ఎప్పుడు బందు పెట్టిండ్రు?"

"మేం ఎన్నడూ పోయలే" అంది మా ఆవిడ. ఆ తర్వాత ప్రహరీ గోడ వైపు చూసింది. నేనూ చూశాను.

గోడ కింద సిమెంటు మెత్తిన చోటు కొత్తగా కనిపిస్తోంది. పక్కింటివాళ్లు బట్టలుతికిన నీళ్లు అక్కడి కన్నం నుంచి మా వైపుకు వచ్చేవి. అది నా స్థలంలోకి అక్రమ ప్రవేశమని మున్సిపాలిటీకి నాలుగుసార్లు రాసి, మార్చి నెలలో మూయించాను. మూసిన రోజు వీధిలో అందరికీ చెప్పుకున్నాను కూడా. ఇన్నేళ్లూ నా ఇంట్లో దీపాలు వెలిగించింది వాళ్ల ఉతుకు నీళ్లన్నమాట.

బామ్మర్ది గోడకు ఆనుకుని నవ్వీ నవ్వీ కూర్చుండిపోయాడు. "యాసంగి వడ్లు దిగుతున్నయి, మిల్లు ఇడిసి ఉండలేను. రేపు గాదు, పై ఆదివారం వచ్చి కొత్త తీగ గుంజుత. అప్పటిదాక గుంత ఎండనియ్యకుండ్రి, ఆ పైపును ఎవరూ ముట్టకుండ్రి" అని వెళ్లిపోయాడు. వేరే వాళ్లను పిలుద్దామంటే మా కాలనీలో ఉన్నది ఇద్దరే ఎలక్ట్రీషియన్లు. ఇద్దరి మీదా నేను కాలనీ సంఘానికి ఫిర్యాదు చేసి ఉన్నాను.

ఆదివారమంతా బకెట్లు మోశాను. ఎండిన నేల పోసింది పోసినట్టు తాగేసింది. మధ్యాహ్నానికి మా బోరు గుక్కిళ్లు మింగి ఆగిపోయింది.

"రేపు నేను హిందీ జెప్పాల్నా, స్నానం జెయ్యాల్నా? ఒకటే అయితది" అంది మా ఆవిడ. గొంతు నవ్వుతున్నట్టే ఉంది గానీ, కళ్లు నవ్వడం లేదు.

సోమవారం పొద్దున గోడ దగ్గరికి పోయి పక్కింటాయనను పిలిచాను. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. నేను చెప్పిందంతా విని గడ్డం గోక్కున్నాడు.

"నోటిమాట నడ్వది సారూ. మూయమని నాకు కాయితం వచ్చింది. తెరవాల్నంటే గూడ కాయితం రావాలె."

"ఒక్క వారమే."

"వారమని గూడ కాయితంల రాయి."

చేత్తోనే రాశాను. 'పరిస్థితులు మారినందున, కన్నమును వారము రోజులు తెరువుటకు నాకు అభ్యంతరము లేదు' అని. ఆయన భార్యను పిలిచి, ఆమెకు పైకి చదివి వినిపించాడు.

"పరిస్థితులు ఏం మారినయి సారూ? తప్పయిందని ఒక ముక్క పడితె బాగుండు."

"పడదు" అన్నాను.

"అయ్యో, సారు మొఖం సూడు" అంటూ ఆయన భార్య పకపకా నవ్వింది. "టీచరమ్మ క్లాసు పోతది, ఇగ సాలు గానీ గడ్డపార అందుకో నువ్వు."

నాలుగున్నరకు కన్నం తెరిచారు. పొద్దున బట్టలన్నీ ఉతికేసిన ఆ ఇల్లాలు, ఐదు కాగానే దుప్పట్లు, కిటికీ పరదాలు తీసుకొచ్చి బండ దగ్గర కూర్చుంది. సబ్బు నీళ్లు పాయగా వచ్చి మా గుంతలోకి ఇంకాయి. నేను వెనక గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. లోపల పదో నిమిషం దాటింది. ఇరవై దాటింది. బండ మీద బట్టల దెబ్బలు ధబధబ వినిపిస్తున్నాయి.

"మేడమ్, గా సప్పుడేంది?" అని కంప్యూటర్‌లోంచి ఒకామె అడిగింది.

"హిందీలో అడుగు, చెప్తా" అంది మా ఆవిడ. అందరూ నవ్వారు. ఆరు గొంతులూ ఒక్కటి తగ్గకుండా వినిపించాయి.

గంట పూర్తయింది. ఆమె బయటికి వచ్చి, నన్ను దాటుకుని నేరుగా గోడ దగ్గరికి పోయి, "ఇగ సాలక్కా, క్లాసయిపోయింది. చేతులు నొప్పివెట్టినయేమో" అంది. రేపటికి తలగడ గలీబులు ఉన్నాయని అటునుంచి జవాబు వచ్చింది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ కాయితం రాసింది ఎవరో, రాయడానికి ఎంత కష్టపడ్డాడో ఆ మాటల్లో ఎక్కడా రాలేదు. విన్నాను కాబట్టి చెప్తున్నాను, ఒక్కసారి కూడా రాలేదు.