మెడ మీద గీత

మా తమ్ముడు నరేంద్రకు పాత సోడా సీసాల పిచ్చి. మదనపల్లెలో వాడిది బోరు మోటార్ల అంగడి. ఆదివారం వచ్చిందంటే కుప్పంలో పాత సామాన్ల అంగళ్లలో తేలతాడు. కంపెనీ పేరు పోతపోసిన గోలీ సోడా సీసాలు, అల్లం సోడా సీసాలు కలిపి నూటముప్పై దాకా పోగేశాడు. మా మరదలు రేవతి చీరలకు బీరువాలో చోటు లేదు గానీ సీసాలకు ఉంది.

మంచి సీసాలన్నీ అంగట్లోనే అద్దాల అరలో పెట్టాడు. ముందు వరుస మా తాత పాపయ్యవి. పుంగనూరులో ఆయనకు సోడా మిషను ఉండేది. వాటిలో ఒక సీసాకు మెడ మీద అడ్డంగా గీత ఉంది. "అరుదైన కంపెనీ గుర్తు" అని చీటీ రాసి అంటించాడు. వచ్చిన ప్రతివాడికీ ముందు అదే చూపిస్తాడు. ఆ గీత పడేనాటికి వాడు ఉయ్యాలలో ఉన్నాడు. నాకు దాని సంగతి తెలుసు. తెలిసీ నాలుగేళ్లుగా నోరు మూసుకుని వాడి పక్కనే కూర్చుంటున్నాను.

మొన్న గంగవరం నుంచి గంగులయ్య అనే రిటైరైన పోస్టుమాస్టరు మోటారు కొనడానికి వచ్చాడు. చిన్నప్పుడు వాళ్లది పుంగనూరేనట, అమ్మానాన్నలు కూలి చేసేవాళ్లట. చీటీ చదివి, సీసా చేతిలోకి తీసుకుని, గీతను బొటనవేలితో తడిమాడు.

"ఇది కంపెనీ గుర్తు కాదప్పా. మావోళ్లకిచ్చే సీసా గుర్తు. గీత ల్యాకుంటే మేం ముట్టుకోకూడదు. దూరంగా నిలబడి తాగి, మేమే కడిగి ఆడ పెట్టాల."

ఆయన గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే నాకు బాగుండేది.

నరేంద్ర నా వైపు తిరిగాడు. "నీకు తెల్సునా అన్నా?"

"తెలీదు" అన్నాను.

గంగులయ్య నన్ను తేరిపార చూశాడు. గుర్తుపట్టాడు. "అప్పుడు సిన్నపిల్లోడు గదప్పా, మర్సిపోయింటాడు" అని సీసాను మెల్లగా బల్ల మీద పెట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాను. మా తాత సోడా అంగడి ముందు దూరంగా నిలబెట్టిన మనిషి, నా అబద్ధానికి అండగా నిలబడ్డాడు. మోటారు ఆటోకెక్కించుకుని ఆయన వెళ్లేదాకా తల ఎత్తలేదు.

తర్వాత "తెలుసురా" అన్నాను. నరేంద్ర పాత చీటీ పీకేసి, తెల్లకాగితం నా ముందుకు తోశాడు.

"నువ్వే రాయి."

రాశాను: "దళితులకు వేరుగా పెట్టిన సీసా. గుర్తు కోసం పాపయ్య గీయించిన గీత."

వాడు రెండుసార్లు చదివాడు. "గీసిందెవురు?"

పన్నెండేళ్లప్పుడు తాత నా చేతికిచ్చిన ఆకురాయి గరుకు ఇంకా గుర్తుంది. పెన్ను మళ్లీ తీసుకున్నాను.